పరాయి దేశంలో మనవాళ్ళకు ఏ రక్షణ, ఏ కాగితం?



గత నెలలో ఒకే వారంలో రెండు విన్నపాలు మా దగ్గరకు వచ్చాయి.

మొదటిది కువైట్ నుంచి. రాజోలు ప్రాంతపు సహోదరి ఒకామె అక్కడ ఇంటిపనికి వెళ్ళింది. నెలల తరబడి జీతం ఇవ్వకపోగా చెయ్యి చేసుకుంటుంటే, ఒక రాత్రి ఆ ఇల్లు విడిచి వచ్చి మనవాళ్ళ గదిలో తలదాచుకుంది. "అయ్యగారూ, శరణార్థినని రాయించుకుంటే ఇక్కడే ఉండనిస్తారంట, నిజమేనండీ?" అని ఫోనులో అడిగింది.

రెండవది కొత్తపేట వైపు నుంచి. ఒక తల్లి వచ్చి, అమెరికాలో ఉన్న కుమారుని కోసం సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం కావాలన్నారు. క్రైస్తవుడైనందుకు ఊళ్ళో కొట్టారనీ, ప్రాణభయంతో దేశం విడిచాడనీ అందులో రాయాలి. అలాంటిదేమీ జరగలేదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

శరణార్థి, అసైలం, ఆమ్నెస్టీ, ఔట్‌పాస్, పెరోల్ అనే మాటలు ఇప్పుడు అమలాపురం బస్టాండులో కూడా వినిపిస్తున్నాయి. అన్నీ ఒకటేనన్నట్టు మాట్లాడుకుంటున్నాం. అవి వేరువేరు. ఒకదానికి అర్హత ఉన్నవాళ్ళు ఏజెంటు మాట నమ్మి ఇంకొకదానికి దరఖాస్తు పెడితే, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. అందుకే ఈ వారం సంపాదకీయాన్ని ఈ మాటల అర్థాలకే కేటాయిస్తున్నాము. మేము న్యాయవాదులం కాము. ఎవరిని ఏమి అడగాలో తెలిసేంత వరకు చెప్పగలం.

లేఖనంలోనూ వేరువేరు మాటలు

పాత తెలుగులో శరణార్థిని కాందిశీకుడు అనేవారు. ఏ దిక్కుకు పోవాలో తెలియనివాడని ఆ సంస్కృత పదానికి అర్థం. హెబ్రీ బైబిలులో పరదేశికి ఒకటి కాదు, మూడు మాటలున్నాయి. గేర్ అంటే ఇశ్రాయేలీయుల మధ్య నివాసముంటూ ధర్మశాస్త్రపు కాపుదల పొందినవాడు. తోషాబ్ కొంతకాలం ఉండి పోయేవాడు. నొక్రీ బయటి జనానికి చెందినవాడు. ఈ తేడాలు పేరుకు మాత్రమే కాదు. సున్నతి పొందిన గేర్ పస్కా భుజించవచ్చు, తోషాబ్‌కు ఆ అనుమతి లేదు (నిర్గమకాండము 12). ఏడవ ఏట తోటి ఇశ్రాయేలీయుని అప్పు విడిచిపెట్టాలి, నొక్రీ దగ్గర వసూలు చేసుకోవచ్చు (ద్వితీయోపదేశకాండము 15). పరిగె ఏరుకునే హక్కు పేదలతో పాటు గేర్‌కు ఉంది (లేవీయకాండము 19).

రూతు బోయజు ముందు నిలబడినప్పుడు తనను గేర్ అని చెప్పుకోలేదు. నొక్రియాను అని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర మళ్ళీ దీని దగ్గరకే వస్తాము.

ఏ హోదా గురించి విన్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నన్ను వెనక్కి పంపకుండా ఇది ఆపుతుందా? పని చేసుకోనిస్తుందా? ఎంతకాలం, ఆ తరువాత ఏమిటి?

శరణార్థి అంటే ఎవరు?

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, 1951లో జెనీవాలో శరణార్థుల ఒడంబడిక కుదిరింది. 1967 ప్రోటోకాల్ దాన్ని అన్ని కాలాలకూ ప్రాంతాలకూ విస్తరించింది. దాని ప్రకారం శరణార్థి తన దేశం బయట ఉండాలి. తిరిగి వెళ్తే హింసిస్తారన్న భయానికి గట్టి ఆధారం ఉండాలి. ఆ హింసకు కారణం ఐదింటిలో ఒకటి కావాలి: జాతి, మతం, జాతీయత, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం. అలాంటివారిని ప్రమాదంలోకి తిరిగి పంపకూడదన్నది ఆ ఒడంబడికకు ఆయువుపట్టు.

అప్పులు, నిరుద్యోగం, తుఫాను, జీతం ఎగవేసిన యజమాని ఆ ఐదింటిలో లేవు. అవి చిన్న బాధలని కాదు. ఈ ఒడంబడిక వాటి కోసం రాసింది కాదు, అంతే.

సరిహద్దు దాటాలన్న షరతు ఎంత కఠినమో మన సంఘాలకు బాగా తెలియాలి. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో వేలాది క్రైస్తవులు ఇళ్ళు కాలిపోయి, అడవుల్లో దాక్కుని, సహాయ శిబిరాలకు చేరారు. 2023 మే నెల నుంచి మణిపూర్‌లో సుమారు 60 వేల మంది ఇళ్ళు వదిలారు. వాళ్ళ బాధ ఎవరికీ తక్కువ కాదు. అయినా దేశం దాటలేదు గనుక చట్టం వాళ్ళను శరణార్థులు అనదు, అంతర్గత నిర్వాసితులు అంటుంది. 2005 తరువాత సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయలు కూడా ఆ కోవలోనివారే. పోలవరం ముంపు గ్రామాలవారు ప్రాజెక్టు నిర్వాసితులు. వారి పునరావాసం 2013 భూసేకరణ చట్టం కిందకు వస్తుంది. వీరందరూ భారత పౌరులే. ఓటు, రేషను, బడి వీరికి దయతో ఇచ్చేవి కావు, హక్కుగా రావలసినవి. ఐక్యరాజ్యసమితి 1998లో అంతర్గత నిర్వాసితుల గురించి మార్గదర్శక సూత్రాలు తెచ్చింది గాని, అవి దేశాలను కట్టిపడేసే ఒప్పందం కాదు.

ఏ దేశమూ తన పౌరుడని ఒప్పుకోనివాడు దేశరహితుడు. అతనికి 1954 నాటి వేరే ఒడంబడిక ఉంది. కువైట్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు బిదూన్‌లను చూసే ఉంటారు. తరతరాలుగా అక్కడే ఉన్నా పౌరసత్వం లేనివాళ్ళు వారు.

గల్ఫ్‌లో మనవాళ్ళ పరిస్థితి

ఇప్పుడు రాజోలు సహోదరి ప్రశ్నకు జవాబు. కువైట్, సౌదీ, ఎమిరేట్స్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్ ఈ ఆరూ 1951 ఒడంబడికపై సంతకం చేయలేదు. యజమాని బాధ పడలేక ఇల్లు విడిచిన పనిమనిషి అక్కడ శరణార్థిగా నమోదై ఉండిపోవడం అనేది లేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే అది మోసం.

అక్కడి వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. కఫీల్ తప్పుకుంటే అకామా పోతుంది. ఇల్లు విడిచిన వెంటనే "పారిపోయింది" అని కఫీల్ ఫిర్యాదు ఇస్తాడు. ఆ తరువాత ఆమె కల్లివెల్లి. నేరమేదీ చేయకపోయినా రోడ్డు మీద పోలీసును చూసి దాక్కోవలసిన స్థితి అది. అయినా ఆమెకు ఏ రక్షణా లేదనుకోవద్దు.

మొదటిది, అక్కడి చట్టమే. ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏటా జీతంతో సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. జీతం బకాయి మీద ఇంటిపనివారి విభాగంలో ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేసిన తరువాత ఇల్లు విడవడం వేరు, ఏమీ చెప్పకుండా మాయమవడం వేరు. వీలైనంతవరకు మొదటి దారే పట్టాలి.

రెండవది, భారత రాయబార కార్యాలయం. గల్ఫ్ దేశాల్లోని మన రాయబార కార్యాలయాలు కష్టాల్లో ఉన్న మహిళలకు ఆశ్రయ గృహాలు నడుపుతున్నాయి. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి తిండికి, వసతికి, విమాన టిక్కెట్టుకు, న్యాయ సహాయానికి ఖర్చు పెట్టవచ్చు. పాస్‌పోర్టు చేతిలో లేనివారికి ఎమర్జెన్సీ సర్టిఫికేట్ ఇస్తారు. మనవాళ్ళు ఔట్‌పాస్ అనీ తెల్ల పాస్‌పోర్టు అనీ అనేది దీన్నే. అది భారతదేశానికి రావడానికి మాత్రమే పనికొస్తుంది. దానితో పాటు ఆ దేశం నుంచి బయటకు వెళ్ళే అనుమతి వేరుగా రావాలి. కోర్టు కేసు గాని ప్రయాణ నిషేధం గాని ఉంటే అది తేలేవరకు విమానం ఎక్కనివ్వరు.

మూడవది, క్షమాభిక్ష. ఆమ్నెస్టీ అంటే అకామా లేనివాళ్ళు జరిమానా, జైలు లేకుండా వెళ్ళిపోవడానికి ప్రభుత్వం ఇచ్చే గడువు. కువైట్ 2018లో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో కరోనా మధ్య మళ్ళీ ఇచ్చింది. 2024లో మార్చి 17న మొదలుపెట్టి జూన్ 30 వరకు పొడిగించింది. ఎమిరేట్స్ 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు ఇచ్చింది. 2024 కువైట్ ప్రకటనలో రెండు దారులుండేవి: జరిమానా లేకుండా వెళ్ళి మళ్ళీ కొత్త వీసాతో రావచ్చు, లేదా జరిమానా కట్టి అక్కడే హోదా సరిచేసుకోవచ్చు. ఆమ్నెస్టీ హక్కు కాదు, ప్రతి ఏటా రాదు. వచ్చినప్పుడు ఆఖరి వారం దాకా ఆగకూడదు. దాని కోసమే ఎదురుచూస్తూ ఏళ్ళ తరబడి కల్లివెల్లిగా ఉండిపోవడం కూడా మంచిది కాదు.

నాలుగవది యుద్ధకాలపు తరలింపు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు భారతదేశం అమ్మాన్ మీదుగా 1,70,000 మందికి పైగా విమానాల్లో తెచ్చింది. వాళ్ళు శరణార్థులు కారు, స్వదేశానికి చేర్చిన పౌరులు. అయితే భద్రతా మండలి 1991లో ఏర్పాటు చేసిన నష్టపరిహార కమిషన్, 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ మధ్య ఆ దేశాలు విడిచిన కార్మికులకు నిర్ణీత పరిహారం ఇచ్చింది. అక్కడ పనిచేశామని చూపే కాగితం దాచుకున్నవాళ్ళకు ఆ దావా వేయడం తేలికైంది. అకామా, వీసా, జీతం రసీదు ప్రతులు ఇంటి దగ్గర ఒక సెట్టు ఉంచమని మేము పదేపదే చెప్పేది అందుకే.

బయలుదేరే ముందు సంగతి కూడా చెప్పాలి. పదవ తరగతి పాసవని వారికి ఇచ్చే ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు మీద గల్ఫ్‌లో పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్ళే మహిళకు 30 ఏళ్ళు నిండాలి. ఆమెను పంపవలసింది ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థలే గాని ఊరి ఏజెంటు కాదు. ఆ దారిలో వెళ్తే ఇ-మైగ్రేట్‌లో పేరు, పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా ఉంటాయి. విజిట్ వీసా మీద మస్కట్‌కో దుబాయ్‌కో తీసుకెళ్ళి అక్కడి నుంచి ఇంకో దేశానికి దాటించే ఏజెంటు ఈ రక్షణలన్నీ తీసేసి పంపుతున్నాడు. మోసపోయి తిరిగి వచ్చినవాళ్ళు ఏజెంటు మీద వలసల చట్టం 1983 కింద, మనుషుల అక్రమ రవాణా అయితే భారతీయ న్యాయ సంహిత 143 కింద కేసు పెట్టవచ్చు. పరువు పోతుందని ఊరుకుంటే అదే ఏజెంటు పక్క లంకలోని ఇంకో చెల్లెలి ఇంటికి వెళ్తాడు.

అమెరికా, ఐరోపాల్లో

అమెరికా చట్టంలో శరణార్థి అంటే బయటి దేశంలో ఉండగానే పరిశీలన పూర్తయి అనుమతితో వచ్చినవాడు. అసైలం అంటే అమెరికా గడ్డ మీదకు వచ్చిన తరువాత అడిగేది. రెండింటికీ ఆ ఐదు కారణాలే కొలబద్ద. సాధారణంగా వచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. పని అనుమతి వెంటనే రాదు. అసైలం మంజూరైతే ఏడాది తరువాత గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేయవచ్చు. మనవాళ్ళకు ఎదురయ్యే కష్టమైన ప్రశ్న ఒకటుంది: మీ ఊళ్ళో భయముంటే మీ దేశంలోనే ఇంకో నగరంలో ఉండలేవా? అమలాపురం నుంచి హైదరాబాద్ వెళ్ళి క్షేమంగా బతకగలిగే అవకాశముంటే దరఖాస్తు నిలవడం కష్టం.

తాత్కాలిక రక్షిత హోదా అంటే టి.పి.ఎస్. 1990 చట్టంతో వచ్చింది. యుద్ధం, భూకంపం వంటివి వచ్చిన దేశాన్ని ప్రభుత్వం పేర్కొంటే, అప్పటికే అమెరికాలో ఉన్న ఆ దేశస్థులను కొంతకాలం పంపేయరు, పని చేసుకోనిస్తారు. 2015 భూకంపం తరువాత నేపాల్‌కు ఇచ్చారు. భారతదేశానికి ఎన్నడూ ఇవ్వలేదు. కాబట్టి "టి.పి.ఎస్. ఇప్పిస్తాం" అని తెలుగువాడికి చెప్పేది అబద్ధం. మానవతా పెరోల్ ఇంకా బలహీనమైనది. అత్యవసర కారణంతో కొంతకాలానికి లోపలికి రానివ్వడమే అది. దానంతటదే శాశ్వత నివాసానికి దారి తీయదు. 2021లో ఆఫ్ఘన్లు, 2022లో ఉక్రెయిన్లు ఎక్కువగా దీని మీదనే వచ్చారు.

మన కుటుంబాలకు నిజంగా పనికొచ్చేవి, ఎక్కువమందికి తెలియనివి రెండున్నాయి. మోసంతో, బలవంతంతో పని చేయించిన అక్రమ రవాణా బాధితులకు టి వీసా. గృహహింస వంటి నిర్దిష్ట నేరాలకు గురై, పోలీసులకు సహకరించే బాధితులకు యు వీసా. రెండూ 2000 సంవత్సరపు చట్టంతో వచ్చాయి. యు వీసా ఏటా పదివేల మందికే ఇస్తారు గనుక చాలా ఏళ్ళు పడుతుంది. భర్త వీసా మీద హెచ్-4తో వెళ్ళి దెబ్బలు తింటున్న మన ఆడపిల్లలకు "నీ వీసా నా చేతిలో ఉంది" అన్న బెదిరింపు ఒక్కటే వినిపిస్తుంది. ఆ మాట పూర్తిగా నిజం కాదని వాళ్ళకు చేరవేయండి.

బ్రిటన్‌లో అసైలం కాక, ఒడంబడిక నిర్వచనంలోకి రాకపోయినా మరణశిక్ష, చిత్రహింస వంటి తీవ్రమైన హాని పొంచి ఉన్నవారికి మానవతా రక్షణ అనే హోదా ఉంది. ఐరోపా సమాఖ్య 2022 మార్చిలో ఉక్రెయిన్ ప్రజలకు సామూహిక తాత్కాలిక రక్షణ ఇచ్చింది. అక్కడ ఒక్కొక్కరి కథను విడిగా విచారించరు.

మన దగ్గరికి వచ్చినవాళ్ళు

గౌతమి దాటి యానాం అవతలికి వెళ్తే కోరింగ. ఒకప్పుడు ఆ రేవు నుంచి అంతమంది బర్మా వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనే పిలిచేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక, లక్షలాది భారతీయులు అరకాన్, మణిపూర్, అస్సాం దారుల్లో నడిచి వచ్చారు. దారిలో చనిపోయినవాళ్ళకు లెక్క లేదు. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మళ్ళీ ఓడల్లో వచ్చారు. మొదటిసారి వాళ్ళను తరలివచ్చినవారన్నారు, రెండవసారి స్వదేశాగతులన్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా ఉంది. మన తాతలు కాందిశీకులై వచ్చిన సంగతి మరిచి, ఇంకొకరిని చిన్నచూపు చూడటం మనకు తగదు.

భారతదేశం కూడా 1951 ఒడంబడికలో లేదు. శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. శ్రీలంక తమిళులను, టిబెటన్లను ప్రభుత్వమే చూసుకుంటుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని రోహింగ్యాల వంటివారికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కార్డులిస్తుంది గాని, చట్టం దృష్టిలో వారు విదేశీయులే. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులకు దారి చూపింది. ముస్లింలు అందులో లేరు. మయన్మార్, శ్రీలంకల నుంచి వచ్చిన క్రైస్తవులూ లేరు. మన పేరున్న జాబితా చూసి తృప్తిపడేవాళ్ళం, పేరు లేనివాళ్ళ పక్షాన కూడా ప్రార్థించాలి.

ఆ ఉత్తరం సంగతి

కొత్తపేట నుంచి వచ్చిన తల్లికి మేము ఆ ఉత్తరం ఇవ్వలేదు. ఆమె కన్నీళ్ళతో లేచి వెళ్ళారు. ఆ రాత్రి మాకూ నిద్ర పట్టలేదు. అందుకే తోటి కాపరులకు కారణం చెప్పుకోవాలి.

అమెరికాలో తెలిసి కట్టుకథ పెట్టిన అసైలం దరఖాస్తు అని తేలితే, ఆ మనిషికి వలస చట్టం కింద ఇక ఏ మేలూ శాశ్వతంగా దక్కదు. రేపు అతనికి పెళ్ళి ద్వారానో ఉద్యోగం ద్వారానో రాగలిగిన దారి కూడా మన ఉత్తరం మూసేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకరిది. నిజంగా దెబ్బలు తిన్న కాపరి ఒకరు రేపు అదే అధికారి ముందు కూర్చుంటాడు. ఆంధ్ర సంఘాల ఉత్తరాలు నమ్మదగినవి కావని ఆ అధికారి అప్పటికే అనుకొని ఉంటే, నిజం చెప్పినవాడు కూడా వెనక్కి వస్తాడు.

అలాగని నిజమైన సాక్ష్యం ఇవ్వడానికి భయపడకూడదు. అడిగినవారికి బాప్తిస్మ రిజిస్టరులో ఉన్న తేదీ, సంఘ సభ్యత్వం రాసివ్వండి. దాడి జరిగి ఉంటే మీ కళ్ళతో చూసింది, చూసిన తేదీ రాయండి. విన్నదాన్ని విన్నానని రాయండి. పోలీసు ఫిర్యాదు, ఆసుపత్రి కాగితాల ప్రతులు జతచేయమనండి. వేరొకరు టైపు చేసి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టకండి. దానికి డబ్బు తీసుకోకండి.

మన మధ్య ఎవరూ పైకి అనని చిక్కు ఒకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులం హోదా లేదు. అందుకని కాగితం మీద ఒక మతం, ఆదివారం ఇంకొక మతంగా బతుకుతున్న ఇళ్ళు కోనసీమలో ఎన్నో. ఆ ఉత్తర్వు అన్యాయమని మేము ఎన్నోసార్లు రాశాము. అయినా మతహింస అని అసైలం అడిగినవాని కుల ధ్రువపత్రాన్ని అక్కడి అధికారి చూస్తే, మొదటి ప్రశ్న అదే అవుతుంది. దరఖాస్తుకు ముందే ఈ సంగతి న్యాయవాదికి దాచకుండా చెప్పాలి.

రూతుకు హోదా లేదు. ఉన్నట్టు చెప్పుకోలేదు. ఆమెకు రక్షణ దొరికింది బోయజు ధర్మశాస్త్రాన్ని ఎరిగి, దాన్ని పాటించినవాడు కావడం వల్ల. సంఘం చేయవలసింది అదే: దొంగ కాగితం పుట్టించడం కాదు, ఉన్న చట్టం ఎక్కడ కాపాడుతుందో తెలుసుకొని చేయి పట్టి అక్కడికి తీసుకెళ్ళడం.

రాజోలు సహోదరి రాయబార కార్యాలయానికి వెళ్ళింది. ఆశ్రయ గృహంలో ఉండి ఔట్‌పాస్ కోసం చూస్తోంది. ఇంటి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు అలాగే ఉంది. ఆమె ఉత్త చేతులతో దిగిన రోజున ఏ హోదా ఆ అప్పు తీర్చదు. ఆ భాగం మాత్రం మన సంఘాలది. ఆమె కోసం, ఆ తల్లి కోసం, ఆ కుమారుని కోసం ప్రార్థించండి. మీ సంఘంలో గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన కుటుంబం ఉంటే, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళ ఇంటికి వెళ్ళి రండి.